ఆఫీసు బల్ల మీద ఐపీఎల్ జెర్సీకి చోటుంది, గేమ్ బొమ్మకు లేదా?

క్యాసెట్ ఊదేవాడు
మా ఆఫీసుకు వచ్చే వారం విదేశీ క్లయింట్లు వస్తున్నారు. నిన్న అడ్మిన్ ఆయన ఒక్కో బల్ల దగ్గరికీ వచ్చి "కొంచెం నీట్‌గా పెట్టుకోండి" అని చెబుతూ, నా మానిటర్ కింద ఉన్న లింక్ అమీబో (జెల్డా గేమ్ హీరో బొమ్మ) దగ్గర ఆగాడు. "సార్, ఈ పిల్లల బొమ్మ మాత్రం డ్రాయర్‌లో పెట్టేయండి" అన్నాడు. నాలుగంగుళాలు ఉంటుందేమో అంతే. నా పక్క సీటాయన తన ఐపీఎల్ జట్టు జెర్సీని ఫ్రేము కట్టించి గోడకు తగిలించాడు. ఎదురు వరసలో ఒకావిడ దగ్గర అభిమాన హీరోది అడుగున్నర కటౌట్ ఉంది. వాటి జోలికి ఎవరూ పోలేదు.

గొడవేం పెట్టుకోలేదు, తీసి లోపల పెట్టేశాను. కానీ మనసులో పడిపోయింది. మాల్‌కు వెళ్తే చంటిపిల్లల బట్టల దగ్గర్నుంచి పెద్దవాళ్ళ టీషర్టుల దాకా మారియో ఉన్నాడు. ఆ టీషర్ట్ వేసుకొస్తే బాగుందంటారు. అదే "రాత్రి కాసేపు గేమ్ ఆడాను" అంటే ముప్పై ఆరేళ్ళ మనిషిని ఎగాదిగా చూస్తారు. సరుకును ఒప్పుకున్నారు గానీ ఆటను ఒప్పుకోలేదని నాకనిపిస్తోంది. మీ దగ్గర ఎలా ఉంది? ఇంట్లో, ఆఫీసులో, ఫంక్షన్లలో ఇలాంటివి బయటికి కనపడనిస్తారా?

ముందే చెబుతున్నా, అతని పేరు లింక్. జెల్డా కాదు.

నల్లకుంట నూబ్
ఆ చివరి లైను కోసమైనా లైక్ కొట్టాలి అన్నా.

బెజవాడ ప్రింటు
నేను టీషర్టులు ప్రింటు చేస్తాను, కాబట్టి కౌంటరు ఇవతలి నుంచి చెబుతాను. గేమ్ డిజైన్లు కొనేవాళ్ళలో ఆడేవాళ్ళు తక్కువండి. ప్లేస్టేషన్ బటన్ల మీదుండే ట్రయాంగిల్, సర్కిల్, క్రాస్, స్క్వేర్ గుర్తులు కావాలని ఒక కుర్రాడు వస్తే "పీఎస్ ఫైవ్ ఉందా?" అన్నాను. "అంటే ఏంటన్నా, ఇది బట్టల బ్రాండ్ కదా?" అన్నాడు. అదే గుర్తులు చూసి ఒక పెద్దాయన మ్యాథ్స్ కోచింగ్ సెంటర్ వాళ్ళ ఆర్డర్ అనుకున్నాడు. ఆ లోగో నేను వేయనని చెబితే ఇద్దరూ పక్క షాపుకు పోయారనుకోండి, అది వేరే కథ. సొంత డిజైన్లే వేస్తాను.

ఇంకో సంగతి. 2019లో కాలేజీ ఫెస్టులకు ఎటు చూసినా పబ్జీలో గెలిస్తే వచ్చే "చికెన్ డిన్నర్" మాటే. 2020 సెప్టెంబరులో పబ్జీని నిషేధించాక అడిగేవాళ్ళు లేరు, కాలేజీలూ మూసే ఉన్నాయి. 2021 జులైలో దాని ఇండియా వెర్షన్ బీజీఎంఐ వచ్చింది, మళ్ళీ ఫోన్లు మొదలు. 2022 జులైలో అదీ యాప్ స్టోర్ల నుంచి పోయింది. 2023లో తిరిగొచ్చింది. క్రికెట్ జెర్సీకి ఈ టెన్షన్ లేదు. ఈసారి కప్పు రాకపోతే వచ్చే ఏడాది చూసుకుందాం అంటారు, అంతే. గేమ్ డిజైన్ స్టాకు పెట్టుకుంటే మునిగిపోతాం. అందుకే స్క్రీన్ ప్రింటింగ్ మానేసి డీటీఎఫ్‌కు (ఫిల్మ్ మీద ప్రింటు తీసి బట్టకు అతికించే పద్ధతి) మారాను, ఆర్డర్ వచ్చాకే ప్రింటు.

ఒంగోలు టు ఒసాకా
జపాన్‌లో ఇదంతా మామూలే అని మనవాళ్ళు అనుకుంటారు. ఇక్కడ ఉంటున్నాను కాబట్టి చెబుతున్నా, అంత మామూలు కాదు. 1990ల్లో ఇక్కడ ఒటాకు (గేములు, కామిక్స్ పిచ్చి ఉన్నవాడు) అంటే దాదాపు తిట్టే. గదిలోంచి బయటికి రాని మనిషి, కాస్త భయపడాల్సిన మనిషి అని అర్థం. అక్కడి నుంచి 2016 రియో ఒలింపిక్స్ ముగింపు వేడుక దాకా వచ్చారు. ప్రధాని షింజో అబే ఎర్ర టోపీ పెట్టుకుని మారియో వేషంలో స్టేడియం మధ్యలో పైకొచ్చాడు. నిజానికి ప్రభుత్వం కొత్తగా ఒప్పుకున్నదేమీ లేదు. అప్పటికే మారియో దేశానికి ముఖం అయిపోయాడు, ఆ ముఖాన్ని వాడుకున్నారు.

సరుకు అమ్మే చోటును బట్టి కూడా విలువ మారుతుంది. మారియో గేముల కంపెనీ నింటెండో 2019 నవంబరులో టోక్యో షిబుయా పార్కోలో సొంత షాపు తెరిచింది, 2022 నవంబరులో ఒసాకాలో. ఒసాకా షాపు ఎక్కడుందనుకున్నారు? ఉమెదా దైమారు అనే డిపార్ట్‌మెంట్ స్టోర్ 13వ అంతస్తులో. కింద పెద్దావిడలు గిఫ్టు స్వీట్లు, మంచి గొడుగులు కొనుక్కునే చోటు. మనవడికని వచ్చిన బామ్మ తనకూ ఒక చేతిరుమాలు తీసుకుని వెళ్తుంది. దాని మీద కాయిన్ బొమ్మ ఎక్కడో మూల చిన్నగా ఉంటుంది. మన దగ్గర గేమ్ సరుకంటే ఛాతీ మీద ఇంతేసి బొమ్మ. ఇక్కడ ఖరీదైనవి చూస్తే తెలిసినవాడికి తప్ప తెలియవు.

కానీ ఇక్కడ కూడా బ్యాంకు కౌంటర్లో ఉద్యోగి ముందు బొమ్మ ఉండదు. బ్యాగుకు వేలాడే చిన్న పికాచు (పోకెమాన్ బొమ్మ) ఓకే, ఇంటర్వ్యూకు వెళ్ళేటప్పుడు అదీ తీసేస్తారు. మీ అడ్మిన్ ఆయన్ను జపాన్ పంపినా అదే మాట అంటాడేమో! కాకపోతే పక్కాయన జెర్సీ కూడా దింపించేవాడు.

సుభద్రత్త
మా అబ్బాయి కోసం ఈ గ్రూపులో చేరాను, అప్పుడప్పుడు చదువుతుంటాను. తల్లుల వైపు మాట కూడా ఒకటి ఉండాలని రాస్తున్నా నాయనా.

మాకు బొమ్మల మీద కోపం ఎందుకుంటుంది? మా అబ్బాయి అలమరలో ఇరవై బొమ్మలున్నాయి, దుమ్ము దులిపేది నేనే. తెల్లవారుజామున మూడింటికి గది కింద నుంచి వెలుతురు కనిపిస్తేనే నా ప్రాణం ఉసూరుమంటుంది. పైగా మా బంధువుల్లో ఒకతను ఫోన్‌లో రమ్మీ ఆడి పొలం తాకట్టు పెట్టాడు. మా ఊళ్ళో ఆ రోజు నుంచి "గేమ్" అంటే అదే. మీ మారియో వేరు, అతని రమ్మీ వేరు అని మీకు తెలుసు. ఫోన్ పట్టుకుని తలవంచుకు కూర్చున్న పిల్లాణ్ణి గుమ్మంలోంచి చూసే తల్లికి ఎలా తెలుస్తుంది? రెండూ ఒకలాగే కనిపిస్తాయి.

నల్లకుంట నూబ్
అత్తా, మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. చట్టానికే ఆ తేడా రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీ లాంటివి నిషేధించాయి. కేంద్రం 2025 ఆగస్టులో తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంలోగానీ మూడు గంపలు విడివిడిగా రాలేదు: డబ్బు పెట్టి ఆడేవి నిషేధం, ఈ-స్పోర్ట్స్ క్రీడ, మిగతావి కాలక్షేపం ఆటలు. అంతకుముందు 2022 డిసెంబరులోనే ఈ-స్పోర్ట్స్‌ను క్రీడల మంత్రిత్వ శాఖ కిందకి తెచ్చారు.

ఐదారేళ్ళలో గాలి ఎట్ల మారిందో చూడండి. 2019 జనవరిలో ఒక తల్లి తన కొడుకు ఆన్‌లైన్ గేముల గురించి చెబుతుంటే ప్రధాని "పబ్జీ వాలా హై క్యా?" అన్నారు, హాలంతా నవ్వింది. ఆ మార్చిలో రాజ్‌కోట్‌లో పబ్జీ ఆడుతున్నారని పోలీసులు కుర్రాళ్ళను అరెస్టు చేశారు. 2024 ఏప్రిల్‌లో అదే ప్రధాని గేమర్లను పిలిపించి, వాళ్ళతో కూర్చుని వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని ఆడారు. వాళ్ళలో తీర్థ్ మెహతా కూడా ఉన్నాడు. 2018 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో ఈ-స్పోర్ట్స్ ప్రదర్శన క్రీడగా ఉన్నప్పుడు హార్త్‌స్టోన్ అనే కార్డుల వీడియో గేమ్‌లో కాంస్యం తెచ్చాడు. ఆ రోజుల్లో మా కాలనీలో ఒక్కరికీ తెలీదు.

కొరియాలో ఇంకా సూటిగా ఉంటుంది. ఏషియన్ గేమ్స్ స్వర్ణం వస్తే సైనిక సేవ నుంచి మినహాయింపు. 2023 హాంగ్‌ఝౌలో లీగ్ ఆఫ్ లెజెండ్స్ గేమ్ జట్టు గెలిచింది, స్టార్ ఆటగాడు ఫేకర్‌తో సహా అందరికీ వర్తించింది. కొడుకు గేమ్ ఆడి ఆర్మీ డ్యూటీ తప్పించుకొస్తే ఏ అమ్మ తిడుతుంది?

గోదారి గట్టు
మెడల్ వస్తే క్రీడ, రాకపోతే టైంపాస్. కబడ్డీ ఆడినోళ్ళను ఎవరన్నా పట్టించుకున్నారా? 2014లో ప్రో కబడ్డీ టీవీలో వచ్చాకే తెలుగు టైటన్స్ జెర్సీ వేసుకుని తిరిగారు. లింక్‌కు టీమ్ లేదు, అదే వచ్చిన చిక్కు.

పిక్సెల్ పద్మ
ఇక్కడి వరకు ఒక్క ఆడగేమర్ కూడా మాట్లాడలేదు కాబట్టి నేను.

మీ బొమ్మను చూసి "పిల్లల బొమ్మ" అన్నారు. నా దగ్గర ఉన్న వాటిని చూసి "మీ తమ్ముడివా?" అంటారు. షాపులో బిల్లు వేసేటప్పుడు కూడా "తమ్ముడికి గిఫ్టా మేడం?" అని అడుగుతారు. నాకు తమ్ముడు లేడు. హైటెక్స్‌లో కామిక్ కాన్‌కు వెళ్తే ఒక్కచోట మాత్రం ఆ ప్రశ్న ఉండదు, కాకపోతే అక్కడ టీషర్ట్ అడిగితే మీడియం నుంచి మొదలు. అది నాకు నైటీ. ఆడవాళ్ళు ఆడతారని కంపెనీలకు తెలుసు, కొంటారని మాత్రం ఇంకా నమ్మకం కుదరలేదేమో.

అసలు చెప్పాలనుకున్నది వేరు. మా ఇంట్లో సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతారు. పై మెట్టు మీద దేవుళ్ళు, తర్వాత దశావతారాలు, కొండపల్లి ఏనుగు అంబారీ, ఏటికొప్పాక లక్కపిడతలు, కింద మెట్టు మీద షాపులు, పల్లెటూరు, రైలు. మొన్నటేడు కింద మెట్టులో ఖాళీ ఉందని పికాచును, మారియో గేమ్‌లోని డైనోసార్ యోషీని పెట్టాను. అమ్మమ్మ చూసి "ఇదేం జంతువే?" అంది. "ఎలకమ్మా, కరెంటు ఎలక" అన్నాను. "అయితే వినాయకుడి పక్కన పెట్టలేకపోయావా!" అంది. పేరంటానికి వచ్చినవాళ్ళందరూ చూశారు, హారతి ఇచ్చారు, ఒక్కరూ ఏమీ అనలేదు. ఒక పిన్ని తన మనవరాలికి పికాచు పేరు చెప్పి మరీ చూపించింది.

ఆ మర్నాడు అవే రెండు బొమ్మలు నా గది షెల్ఫ్ మీదకి వెళ్ళాయి. వెంటనే "పెళ్ళీడు పిల్లవి, ఇంకా ఈ బొమ్మలేంటే" మొదలైంది. మెట్ల మీద ఉన్నంతసేపు పండగ, షెల్ఫ్ ఎక్కగానే పిచ్చి. పెద్దవాళ్ళు బొమ్మలు పేర్చుకోవడం మనకేం కొత్త కాదు. అందరూ కలిసి, ఒక రోజు, ఒక పద్ధతిలో చేస్తే సరే. ఒక్కతే తన కోసం, ఏడాది పొడుగునా పెట్టుకుంటేనే వాళ్ళకు పొసగదు.

క్యాసెట్ ఊదేవాడు
పద్మగారూ, జెర్సీకీ నా లింక్‌కూ తేడా కూడా అదేనేమో. జెర్సీ వెనక స్టేడియం నిండా జనం ఉన్నారు. గేమ్ ఒక్కడే గదిలో కూర్చుని ఆడేది అనుకుంటారు, కాబట్టి బొమ్మ కూడా ఒంటరి వాడిదే అవుతుంది. నిజానికి మేం నెట్ సెంటర్లో పది మందిమి వరసగా కూర్చుని కౌంటర్ స్ట్రైక్ ఆడినంత గోల ఏ స్టేడియంలోనూ ఉండదు. అంతకుముందు ఎయిట్ బిట్ టీవీ గేమ్ ఉన్న ఇల్లు వాడకట్టులో ఒక్కటే, అందరం అక్కడే.

సుభద్రత్త
పద్మా, ఎలకను ఈసారి వినాయకుడి పక్కనే పెట్టు తల్లీ.

నిర్మొహమాటం
అందరూ మురిసిపోతున్నారు కాబట్టి కాస్త చేదు మాట చెబుతాను.

ప్లాస్టిక్ బొమ్మ బల్ల మీద పెట్టుకోనిస్తే గేమింగ్‌కు గౌరవం వచ్చినట్టా? ఏ కంపెనీ ఎంత అమ్మిందన్నదే దీనంతటికీ కొలమానం. ఫంకో పాప్ బొమ్మలు తెలుసుగా, పెద్ద తలకాయ, నల్ల గుండీ కళ్ళు. అమ్ముడుపోక గోదాములు నిండిపోయి 3 కోట్ల డాలర్లకు పైగా విలువైన సరుకును చెత్తలో పారేస్తామని 2023లో ఆ కంపెనీయే చెప్పింది. మీ అభిమానం విలువ అక్కడ తేలింది.

ఇంకో మాట. నా అనుభవంలో గేమ్ ఆడే తీరిక లేనివాళ్ళే బొమ్మలు ఎక్కువ కొంటారు. పదిహేనేళ్ళ కుర్రాడి దగ్గర గేమ్ ఉంటుంది, బొమ్మ కొనే డబ్బులుండవు. ముప్పై అయిదేళ్ళ వాడి దగ్గర డబ్బులుంటాయి, ఆడే టైం ఉండదు. కొన్నది ఆటను కాదు, ఆడిన రోజుల్ని. అడ్మిన్ ఆయనకు ఇవన్నీ తెలియకపోయినా, బల్ల మీద ఉన్నది పనికి సంబంధం లేని సామాను అన్నది మాత్రం తప్పు కాదు. క్యాసెట్ గారూ, లింక్‌తో చివరిసారి ఎప్పుడు ఆడారు?

క్యాసెట్ ఊదేవాడు
శనివారం రాత్రి, పాప పడుకున్నాక. మీ లెక్కలో నేను రెండు గుంపుల్లోనూ ఉన్నాను. అన్నట్టు అమీబో ఉత్త బొమ్మ కాదండి. 2014 నుంచి వస్తున్నాయి, అడుగున చిప్ ఉంటుంది. కంట్రోలర్‌కు తాకిస్తే గేమ్‌లో బాణాలో, తినే సామానో పడతాయి. కాబట్టి ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ నా లింక్ డెప్యుటేషన్ మీద ఉన్నట్టు!

డ్యూటీ బాధితుడు
గౌరవం సంగతి తర్వాత, ముందు ధర సంగతి చూడండి. బొమ్మల మీద దిగుమతి సుంకం 20 శాతం ఉండేది. 2020 బడ్జెట్‌లో 60 చేశారు, 2023లో 70. దాని మీద జీఎస్టీ. 2021 జనవరి నుంచి పిల్లల బొమ్మలకు బీఐఎస్ నాణ్యత గుర్తు కూడా తప్పనిసరి. ఆ నిబంధన 14 ఏళ్ళ లోపు పిల్లల బొమ్మలకు. చాలా ఫిగర్ల డబ్బాల మీద "15 ఏళ్ళు పైబడిన వారికి" అని ఉండటం గమనించారా? మన ఇంట్లోవాళ్ళు పిల్లల బొమ్మ అంటారు, డబ్బా మీద పిల్లలకు కాదని రాసి ఉంటుంది. ఆ డబ్బా దాచుకోండి, వాదనకు పనికొస్తుంది.

మాకున్న ఒకే దారి అమెరికా సూట్‌కేసు. మా అక్కావాళ్ళు డాలస్‌లో ఉంటారు. ఇక్కడి నుంచి ఆవకాయ వెళ్తుంది, అక్కడి నుంచి అమీబో వస్తుంది. బావగారు మాత్రం "మా బరువులో సగం నీ బొమ్మలే" అని ప్రతిసారీ అంటారు.

ఇక్కడ దొరికే ఫస్ట్ కాపీల గురించి కొత్తవాళ్ళకు ఒక మాట. ముందు కళ్ళు చూడండి. ఒరిజినల్‌లో కనుపాప ప్రింటు, నకిలీలో రంగు పూత, కాస్త మెల్లకన్నులా ఉంటుంది. అతుకు దగ్గర గీత తేలి ఉంటుంది. విప్పగానే ఘాటైన వాసన వస్తే పిల్లల చేతికి ఇవ్వొద్దు. ధర మరీ తక్కువుంటే ఇవన్నీ చూడక్కర్లేదు.

ఒంగోలు టు ఒసాకా
నిర్మొహమాటం గారి మాటకు సగం ఒప్పుకుంటా. పెద్ద కంపెనీల విషయంలో అది సరుకే. చిన్నవాళ్ళ విషయంలో అలా కాదు. అమెరికాలో టుసాన్ ఊళ్ళో ఫ్యాన్‌గేమర్ అని ఒక సంస్థ ఉంది, 2008లో మొదలైంది. ఒక పాత నింటెండో గేమ్ అభిమానులు కలిసి పెట్టుకున్నది. అండర్‌టేల్ లాంటి చిన్న గేముల సరుకు లైసెన్సుతో చేస్తుంది. గేమ్ తక్కువ ధరకు అమ్మే మనిషికి టీషర్ట్, మెత్తటి బొమ్మ మీద వచ్చే వాటా ఊరికే పోదు.

సుభద్రమ్మగారూ, మీకొక సంగతి. ఈ నింటెండో 1889లో క్యోటోలో మొదలైంది పేకముక్కలతోనే. హనఫుడా అంటారు, పూల బొమ్మల ముక్కలు. జూదానికీ వాడేవాళ్ళు. ఇప్పటికీ అమ్ముతున్నారు.

సుభద్రత్త
చూశారా, నేనన్నదేంటి! పేకతోనే మొదలు.

బెజవాడ ప్రింటు
మన గేముల సంగతేంటి మరి? పుణెవాళ్ళు 2020లో రాజీ అని ఒక గేమ్ చేశారు, దేశమంతా మాట్లాడుకున్నారు. హైదరాబాద్‌లో ఈఏ లాంటి పెద్ద గేమ్ కంపెనీల స్టూడియోలున్నాయి, మన పిల్లలు వేలమంది అందులో పని చేస్తున్నారు. కానీ "ఇది మన గేమ్ హీరో" అని ఛాతీ మీద వేసుకునే తెలుగు బొమ్మ ఒక్కటి చెప్పండి.

నేనోసారి వైకుంఠపాళి పటం వేశాను, పెద్దపాము వీపు మీదుగా కిందకి దిగేలా. గేమర్లు ఒక్కరూ కొనలేదు. కొన్నదంతా అరవై దాటినవాళ్ళు, "చిన్నప్పుడు ఆడేవాళ్ళం" అని. నిర్మొహమాటం గారన్నట్టు, ఆడిన రోజుల్నే కొన్నారు. దాన్ని మాత్రం ఎవరూ పిచ్చి అనలేదు.

నల్లకుంట నూబ్
చైనాలో 2024 ఆగస్టులో వాళ్ళ పురాణాల కోతి రాజు మీద బ్లాక్ మిత్ వుకాంగ్ అనే గేమ్ వచ్చింది, మూడు రోజుల్లో కోటి కాపీలు. అక్కడి కాఫీ షాపుల చెయిన్ లకిన్ దాని బొమ్మలతో కప్పులు, పోస్టర్లు ఇస్తే ఎగరేసుకుపోయారు. 2021లో పిల్లలు వారానికి మూడు గంటలకు మించి ఆన్‌లైన్ గేమ్ ఆడకూడదని రూల్ పెట్టిన దేశం అది. అదే దేశంలో సర్కారు మీడియా ఈ గేమ్‌ను మెచ్చుకుంది. పురాణంలో కోతి ఉంది కదా. మన దగ్గర హనుమంతుడి గేమ్ ఒకటి గట్టిగా ఆడితే ఆ టీషర్ట్ గుళ్ళోకి కూడా వేసుకెళ్తారు.

పిక్సెల్ పద్మ
వేసుకెళ్తారు, కానీ అది హనుమంతుడికి ఇచ్చే చోటు. గేమ్‌కు కాదు. ఏ దేవుడూ, ఏ పతకమూ, ఏ జీతమూ అడ్డం పెట్టుకోకుండా "నాకిష్టం" అని ఒక పికాచును పెట్టుకోవచ్చా అన్నది ఇక్కడి ప్రశ్న. మీరిచ్చిన ఉదాహరణలన్నిటిలో ఏదో ఒక సిఫార్సు ఉత్తరం ఉంది చూడండి.

నిర్మొహమాటం
ఈ మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. అయినా బొమ్మ కొనను.

గోదారి గట్టు
క్యాసెట్ అన్నా, క్లయింట్లు వచ్చి వెళ్ళారా? లింక్ బయటికొచ్చాడా?

క్యాసెట్ ఊదేవాడు
వచ్చారు, వెళ్ళారు. మా వరసకు అసలు రాలేదు, కాన్ఫరెన్స్ రూమ్‌లోనే బిర్యానీ తిని వెళ్ళిపోయారు. లింక్‌ను మళ్ళీ పెట్టాను. అడ్మిన్ ఆయన చూశాడు, ఏమీ అనలేదు. నిన్న వచ్చి "సార్, మా బాబు పుట్టినరోజు. ఈ మారియోవి ఒరిజినల్ ఎక్కడ దొరుకుతాయి?" అని అడిగాడు. డ్యూటీ బాధితుడు గారి పోస్టు చూపించాను. 70 శాతం దగ్గర ఆగిపోయాడు.

పిక్సెల్ పద్మ
ప్రింటు గారూ, సొంత డిజైన్ ఏదైనా ఆడవాళ్ళ సైజుల్లో వేస్తారా? ఎస్, ఎక్స్ఎస్ కావాలి. దయచేసి గులాబీ రంగు వద్దు.

బెజవాడ ప్రింటు
డీటీఎఫ్ కదండీ, ఒక్క పీసైనా వేస్తాను. ప్లెయిన్ టీషర్టులు తిరుప్పూర్ నుంచి వస్తాయి, ఎక్స్ఎస్ అడిగి తెప్పించాలి. పదిమంది ఉంటే సులువు. కొలతలు ఇక్కడే రాయండి.

మోడరేటర్
కొలతలు, ధరలు ఇక్కడ రాయకండి, కొనుగోళ్ళ విభాగంలో కొత్త చర్చ తెరవండి. సుభద్రత్తగారు పెట్టిన కొలువు ఫోటో వేరే విభాగంలోకి మార్చాం, అక్కడ చూడొచ్చు.